తీర్థం దగ్గర ఎంతసేపు?

(తిరుపతిలో కొత్తగా ట్రెక్కింగ్‌కు వస్తున్న యువతీ యువకుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకు ఫ్యాన్ గాలి తగలడం లేదనుకుంటాను. ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

"శేషాచలంలో నడక, వన్యప్రాణులు" అని చెప్పి నన్ను మైకు ముందు నిలబెట్టారు. దాని మీద రోజంతా మాట్లాడొచ్చు. నేను నీళ్ల దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే మీరు రాసిచ్చిన ప్లాన్లన్నీ నీళ్ల దగ్గరే ఆగుతున్నాయి. తలకోన, తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం, గుంజన. ఫలానా గుట్ట ఎక్కుదామని ఒక్కరూ రాయలేదు. అందులో తప్పేం లేదు. హిమాలయాలకు పోయినవాళ్లు శిఖరం ఎక్కి దిగుతారు. మనం కోనలోకి దిగి, గుండంలో మునిగి, మళ్లీ ఎక్కి ఇంటికొస్తాం. ఈ కొండల్లో నడక ముందునుంచీ అట్లాంటిదే. చిక్కంతా ఎక్కడంటే, అడవిలో ఉండే మిగతా ప్రాణులు కూడా సరిగ్గా అక్కడికే రావాలి. వాటికి ఇంకో చోటు లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే రాయి సంగతి కొంచెం తెలియాలి. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు కొండ చరియను చూడండి. కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్. ఈ రెండూ తాకిన గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ల కాలం గల్లంతయింది. అంటే అంత కాలానికి సంబంధించిన రాయి అక్కడ లేదు. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. పైన తిరుమలలో శిలాతోరణం దగ్గర ఫొటోలు దిగని వాళ్లుండరు. అదీ ఆ జాబితాలోనిదే. గీత దగ్గర మాత్రం ఎవరూ ఫొటో దిగరు. బస్సు ఆపరు కదా పాపం.

మనకు కావలసింది ఆ పై రాయి. క్వార్ట్‌జైట్ చాలా గట్టిది, కానీ నిండా నిలువు పగుళ్లు. వాన నీళ్లు పైన నిలవవు, పగుళ్లలోకి దిగిపోతాయి. కింద గట్టి పొర తగిలేదాకా దిగి, ఇక దారిలేక పక్కకు తిరిగి, ఎక్కడో ఒక చరియలో ఊటగా బయటపడతాయి. వేసవిలో మట్టికుండ చెమర్చినట్టు ఆ చరియలు చెమరుస్తూ ఉంటాయి. అందుకే కొండ నెత్తిన బండలు కాలిపోతున్నా, వెయ్యి అడుగుల కింద కోనలో మామిడి, నేరేడు పచ్చగా ఉంటాయి. ఎండిన అడవి, తడి అడవి ఇక్కడ పక్కపక్కనే. అరగంట దిగితే చాలు, వేరే రాజ్యం.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య ఋతుపవనాలవి. జనవరికి వంకలన్నీ పారుతుంటాయి, మార్చికి సన్నబడతాయి, ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడికక్కడ తెగిపోయి మడుగులుగా మిగులుతాయి. ఆ మడుగుల్లోనూ సగం ఎండిపోతాయి. ఎండనివే తీర్థాలు. పెద్దవాళ్లు వాటిని ఊరికే తీర్థాలని పూజించలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ నీళ్ల మీద మనం కూడా బతుకుతున్నాం. తిరుమలలో గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు నిండితేనే కొండ మీదికొచ్చిన భక్తులకు నీళ్లు. కింద కల్యాణి డ్యాము ఈ కొండల నీళ్లనే పట్టి ఉంచుతుంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది తాగి వచ్చింది శేషాచలాన్నే.

ఈ ప్రాంతాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే జీవావరణ రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్ల పైమాట. అప్పటి చిత్తూరు, కడప జిల్లాల్లో పరుచుకుని ఉంది. దాని లోపల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 353 చదరపు కిలోమీటర్లు, అది 1989 నాటిది. ఈ లెక్కలు పరీక్షల కోసం కాదు. మీరు నడిచే దారి వీటిలో దేనిలో ఉందో బట్టి అనుమతి మారుతుంది కాబట్టి చెప్పాను.

ఇప్పుడు చెట్లు. ఎర్రచందనం సంగతి మీకు నేను కొత్తగా చెప్పేది తక్కువ, పేపర్లలో రోజూ ఉంటుంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. దానికి నీటి వసతి అక్కర్లేదు. రాళ్లగుట్టలో, పేద మట్టిలో, ఎండలో పెరుగుతుంది. అంత నెమ్మదిగా పెరగబట్టే చేవ అంత ఎర్రగా, అంత బరువుగా ఉంటుంది. దాని పక్కనే జాలారి, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, మొగి. ఇవి కూడా ఈ చుట్టుపక్కల కొండలు దాటి పెద్దగా పోయినవి కావు.

నాకు మటుకు అన్నిటికన్నా ఇష్టమైనది పేరీత. గడ్డి వాలుల్లో నిలబడి ఉంటుంది, చూస్తే చిన్న ఈత చెట్టే అనుకుంటారు. ఈతకూ దీనికీ చుట్టరికమే లేదు. ఇది సైకస్ జాతి. డైనోసార్లు తిరిగిన కాలం నాటి వంశం. సైకస్ బెడ్డోమీ అనే ఈ రకం ప్రపంచం మొత్తం మీద మన తిరుపతి, కడప కొండల్లోనే ఉంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్కకు వచ్చే శంకువును మందుకని కోసుకుపోతారు. కోసుకుపోతే ఆడ మొక్క దగ్గర విత్తనం ఎట్లా కడుతుంది? అంతర్జాతీయ వ్యాపారం విషయంలో ఎర్రచందనం కన్నా దీని మీదే నిషేధం గట్టిది. స్మగ్లర్లను పట్టే టాస్క్‌ఫోర్స్ అంతా ఎర్రచందనానికే, పేరీత పేరు మాత్రం ఎవరికీ తెలియదు. కొండలో కూడా సెలబ్రిటీలు ఉంటారు మరి. (నవ్వులు)

సరే, నీళ్ల దగ్గరికి మళ్లీ వద్దాం. ఏప్రిల్ నెల, ఎండిపోని ఒక గుండం. పేరు చెప్పను, చెబితే వచ్చే ఆదివారం అక్కడ ఉంటారు. ఆ గుండం దగ్గర ఒక రోజు ఎట్లా గడుస్తుందో చూద్దాం.

తెల్లవారకముందే అడవికోళ్లు, నెమళ్లు దిగుతాయి. కొంచెం వెలుగు వచ్చాక దుప్పులు. అవి నీళ్లకు మూతి పెట్టేముందు ఎంతసేపు నిలబడతాయో చూస్తే మీకు ఓపిక నశిస్తుంది. ఒకటి తాగుతుంటే ఇంకొకటి చెవులు తిప్పుతూ ఉంటుంది. అంత భయం దేనికంటే, రేచుకుక్కలు పగటి పూటే వేటాడతాయి, గుంపుగా వస్తాయి. అవి మొరగవు, ఈల వేసినట్టు పిలుచుకుంటాయి. నీళ్ల దగ్గర మాటు వేయడం వాటికి బాగా తెలుసు.

ఎండ ఎక్కాక పెద్ద జంతువులు నీడకు పోతాయి, పిట్టల వంతు వస్తుంది. చరియకు వేలాడే మర్రి, జువ్వి చెట్ల మీద పసుపు గొంతు పిగిలిపిట్ట వాలుతుంది. దక్షిణ భారతంలో రాళ్ల కొండల్లో మాత్రమే ఉండే పిట్ట ఇది. ఎక్కడెక్కడినుంచో పక్షి ప్రేమికులు దీన్ని చూడటానికే తలకోన వస్తారు. మనవాళ్లు దాని కిందే కూర్చుని పులిహోర తిని వచ్చేస్తారు. పై కొమ్మల్లో బెట్లుడుత, అంటే అడవిలో ఉండే పెద్ద ఉడుత, గూడు కనిపిస్తుంది, ఆకులూ పుల్లలూ పోగేసి ఇంత లావున కడుతుంది. కొండముచ్చులు మధ్యాహ్నం వస్తాయి. అవి ఉన్నట్టుండి ఖర్ ఖర్ మని గొంతు మార్చి అరిచాయంటే చిరుత ఎక్కడో కదిలిందని అర్థం. అడవిలో మీకు మొబైల్ సిగ్నల్ ఉండదు, ఈ సిగ్నల్ ఉంటుంది.

సాయంత్రం నాలుగున్నర, అయిదు దాటాక అసలైన రద్దీ. కణితి, అంటే సాంబారు జింక వస్తుంది, అడవి పందులు వస్తాయి, ఎలుగుబంటి వస్తుంది. ఎలుగు గురించి ఒక్క నిమిషం. మీరంతా చిరుతకు భయపడుతున్నారు. నడిచేవాడు భయపడాల్సింది ఎలుగుకు. దానికి చూపు మందం. తలవంచుకుని చెదపుట్టలు తవ్వుకుంటూ, చెదలను చప్పుడు చేస్తూ పీల్చుకుంటూ ఉంటుంది. ఆ చప్పుడులో మీ అడుగు దానికి వినపడదు. మలుపు తిరిగి పది అడుగుల దూరంలో ఎదురుపడితే అది పారిపోయే ఆలోచన చేయదు, మీద పడుతుంది. అందుకని మలుపుల దగ్గర, పొదల దగ్గర మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవండి. మాట్లాడమన్నాను, స్పీకర్ పెట్టి పాటలు వాయించమనలేదు. దారిలో గింజలతో నిండిన నల్లటి పెంట కనిపించినా, పుట్ట తాజాగా తవ్వి ఉన్నా అది అక్కడికి దగ్గర్లోనే తిరుగుతోందని అనుకోండి. ఇసుకలో దాని వెనక కాలి గుర్తు అచ్చం మనిషి పాదంలా ఉంటుంది. కొత్తవాళ్లు ఎవరో చెప్పులు లేకుండా పోయారనుకుంటారు. చిరుత గుర్తు గుండ్రంగా ఉంటుంది, గోళ్లు పడవు. రేచుకుక్కకు గోళ్లు పడతాయి. ఈ మూడూ తెలిస్తే చాలు, ఫోన్‌లో యాప్ అక్కర్లేదు.

చీకటి పడ్డాక చిరుత, పునుగు పిల్లి. స్వామివారికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసే పునుగు తైలం ఈ పిల్లి నుంచి వచ్చేదే. ఆ రాత్రి వేళే తడి చరియ పగుళ్లలోంచి బంగారు బల్లి బయటికొస్తుంది. మగది నిజంగానే పసుపు ముద్దలా మెరుస్తుంది. 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్ల అధికారి దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు, పేరీతకు పెట్టింది కూడా ఆయన పేరే. ఆడవి చాలా కలిసి ఒకేచోట గుడ్లు పెడతాయి, రాతికి అంటించినట్టు ఉంటాయి. తెల్లని చుక్కల గుంపు. మీ పేర్లు చెక్కుకోవడానికి బాగుందని మీరు ఎంచుకునే నీడపట్టు రాయి సరిగ్గా అదే అవుతుంది. కోన దాటి పైకి, ముళ్ల పొదల్లో టార్చి వేస్తే రెండు ఎర్రటి కళ్లు కదలకుండా మెరుస్తాయి. దేవాంగ పిల్లి. పిల్లి కాదది, కోతుల చుట్టం. పురుగులు తిని బతికే అమాయకప్రాణి. మంత్రాలకనీ మందులకనీ దాన్ని పట్టి చంపేవాళ్లు ఉన్నారు, ఏం చెప్పాలి వాళ్లకు.

ఇదీ ఆ గుండం దినచర్య. ఇరవై నాలుగు గంటలూ షిఫ్టుల పద్ధతి. ఇప్పుడు అందులో మనల్ని పెట్టి చూడండి. పదిమందిమి ఉదయం పదింటికి చేరాం, ఈత కొట్టాం, పొయ్యి వెలిగించి మ్యాగీ చేశాం, ఆరింటిదాకా ఉన్నాం. దుప్పికి, కణితికి సాయంత్రం పోయింది. టెంటు వేసి రాత్రి కూడా ఉంటే, మొత్తం రోజు పోయింది. పక్క కోనకు పోతాయిలే అంటారు. ఏప్రిల్‌లో పక్క కోనలో నీళ్లు లేవు. ఉన్న నీళ్ల కోసం అడవి అంచుకు, మామిడి తోటల వైపు దిగుతాయి. అక్కడ కుక్కలు, ఉచ్చులు, కరెంటు తీగలు. మీరు ఒక్క జంతువును తాకకుండానే దాని ప్రాణం మీదికి తేవచ్చు.

దీనికి విరుగుడు మన సంప్రదాయంలోనే ఉంది. పుష్యమాసం పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి. ఆ రోజుల్లో వేలమంది కోనల్లోకి పోతారు, స్నానాలు చేస్తారు, పులిహోర పొట్లాలు పంచుతారు. జనం ఎక్కువే, చెత్త కూడా ఎక్కువే, కాదనను. కానీ ఏడాదికి ఒక్కసారి. మిగిలిన రోజులు ఆ దారి అడవిదే. రీల్స్ వచ్చాక ప్రతి ఆదివారం ముక్కోటే అయింది. అదీ ఎండల్లో. వానాకాలం జారుతుందని రారు, మే నెలలో చల్లగా ఉంటుందని వస్తారు.

నా సలహా ఇంతే. నవంబరు, డిసెంబరు వానలు వెనకపట్టాక, సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి దాకా నడవండి. నీళ్లు అన్నిచోట్లా ఉంటాయి, మీవల్ల ఏ ప్రాణీ దాహంతో ఉండిపోదు. గుండం దగ్గర ఒక గంట. సబ్బు, షాంపూ వద్దు. భోజనం నీళ్లకు దూరంగా, దారి పక్కన బండ మీద. మూడింటికల్లా కోనలోంచి పైకి రావడం మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో నడవకుండా ఉండలేమంటే కొండ మీది దారుల్లో తెల్లవారగానే నడిచి, తొమ్మిదికల్లా ఇంట్లో ఉండండి.

వానాకాలం గురించి కూడా చెప్పాలి. 2021 నవంబరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు, అవతల చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము తెగింది. ఇరుకు కోనలో మీ నెత్తిన చినుకు పడకపోయినా, పైన ఎక్కడో కురిసిన వాన నిమిషాల్లో వచ్చి పడుతుంది. నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా ఫొటో తీయకుండా గట్టు ఎక్కండి. ఇక గుండాల్లో మునిగిపోయే కుర్రాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పైనుంచి దూకొద్దు. అడుగున బండ ఎక్కడుందో మీకు కనిపించదు.

దారుల సంగతి. శేషాచలంలో చాలా దారులు కనిపిస్తాయి. భక్తులు నడిచినవి కొన్ని, అటవీ శాఖ బీటు సిబ్బంది గస్తీ తిరిగేవి కొన్ని, జంతువులవి కొన్ని. నాలుగో రకం ఎర్రచందనం కొట్టేవాళ్లు వేసుకున్నవి. చూడటానికి బాగా నలిగి, మంచి ట్రెక్ రూట్‌లా ఉంటాయి. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో, ఎర్రచందనం కొట్టడానికి వచ్చారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. దాని మంచిచెడ్డలు కోర్టులు, కమిషన్లు చూడాల్సినవి. మనకు సంబంధించింది ఏమిటంటే, అనుమతి కాగితం లేకుండా చీకట్లో సంచులు తగిలించుకుని ఆ దారుల్లో తిరిగేవాళ్లను చూసి సిబ్బంది ఏమనుకుంటారో ఆలోచించండి. గూగుల్ మ్యాప్ మీకు పర్మిషన్ ఇవ్వదు. అటవీ శాఖ ఇస్తుంది, వాళ్లు పంపిన మనిషి మీతో వస్తే ఇంకా మంచిది. ఈ అడవి అంచున యానాదులు తరతరాలుగా ఉన్నారు. వాళ్లలో ఎవరైనా తోడు వస్తే, నేను ఇందాకటినుంచి చెప్తున్న దానికి రెండింతలు ఒక్క పూటలో నేర్చుకుంటారు. కూలి సరిగ్గా ఇవ్వండి. బేరాలు ఆడకండి.

చిరుత ప్రశ్న ఎట్లాగూ వస్తుంది కాబట్టి నేనే చెప్పేస్తాను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాప చిరుత దాడిలో చనిపోయింది. అంతకుముందు జూన్‌లో ఒక బాబు మీద దాడి జరిగింది, వాడు బతికాడు. తర్వాత బోనులు పెట్టి చిరుతలను పట్టారు, చిన్నపిల్లలతో నడిచేవాళ్లకు మధ్యాహ్నం తర్వాత ఆంక్షలు పెట్టారు, చేతికర్రలు ఇచ్చారు. కర్ర మీద జోకులు చాలా వచ్చాయి. నాకు కర్ర కంటే, దారిలో జింకలకు తిండి పెట్టవద్దన్న మాట ముఖ్యం అనిపించింది. మెట్ల పక్కన మనం పారేసిన తిండికి జింకలు, కుక్కలు చేరతాయి. వాటి వెనక చిరుత వస్తుంది. అది దాని లెక్క ప్రకారం సరైన పనే చేసింది. పిల్లను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట చెప్పలేం. కానీ మెట్ల పక్కన తిండి వేయకుండా ఉండగలం.

ఏనుగులు ఇంకో కథ. చాలా కాలం ఇవి ఈ కొండల్లో లేవు. 1980లలో కర్ణాటక, తమిళనాడు వైపునుంచి చిత్తూరు జిల్లాలోని కౌండిన్య అడవికి వచ్చాయి, తర్వాత కొన్ని ఇటు శేషాచలంలోకి మళ్లాయి. 2025లో శివరాత్రికి ముందు గుండాలకోన దగ్గర రాత్రి పూట అడవిదారిలో నడిచిపోతున్న భక్తుల మీద పడ్డాయి, ప్రాణాలు పోయాయి. రాత్రి నడక వద్దని నేను గట్టిగా చెప్పడానికి అదొక కారణం. ఏనుగు చీకట్లో కనిపించదు. అంత పెద్దది ఎట్లా కనిపించదంటారు, నిలబడి చూస్తే తెలుస్తుంది.

నిప్పు గురించి ఒక్క మాట. 2014 మార్చిలో తిరుమల కాకులకొండ వైపు అడవి అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది. ఆ కాలంలో బోదగడ్డి నిలువెత్తు ఎండి ఉంటుంది. మీ మ్యాగీ పొయ్యి ఇంట్లో పెట్టి రండి. సిగరెట్టు తాగేవాళ్లు కూడా ఉన్నారని తెలుసు, మొహాలు దించుకోనక్కర్లేదు, ఆ ఒక్క పూట ఆపండి.

వచ్చే ఆదివారం నడక మామండూరు వైపు. అనుమతికి ఆధార్ కాపీ కావాలి, గురువారం సాయంత్రంలోపు ఇవ్వని వాళ్ల పేరు జాబితాలో ఉండదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకోవాలి, వంకలో పట్టుకుందామనుకోవద్దు. బూట్లు కొత్తవి అయితే ఈలోపు నాలుగు రోజులు ఊళ్లో వేసుకుని తిరగండి. అడవిలో కలిసిపోయే రంగు బట్టలు వేసుకుంటే మంచిది. బైనాక్యులర్లు మూడే ఉన్నాయి, వంతులవారీగా చూద్దాం. అయిదున్నరకు బస్సు కదులుతుంది. ఇక మీ ప్రశ్నలు. అమ్మా, నువ్వు ఇందాకటినుంచి చెయ్యి ఎత్తి ఉన్నావు, అడుగు.